పళ్ళ డాక్టరమ్మ, మూడు సంచులు

ఆ వీధిలో ఆవిడని అందరూ పళ్ళ డాక్టరమ్మ అనేవారు. ఆ మాట నమ్మి దవడ పట్టుకుని గుమ్మం ఎక్కినవాళ్ళు ముప్ఫై ఏళ్ళలో డజను మంది దాకా ఉంటారు. ఆవిడ ఎవరినీ ఉత్తినే వెనక్కి పంపేది కాదు. కూర్చోబెట్టి, వేడి ఉప్పునీళ్ళిచ్చి పుక్కిలించమని, "నేను చూసే పళ్ళ వయసు ముప్ఫై అయిదు కోట్ల ఏళ్ళు. మీది ఇంకా పసిది, ఆస్పత్రిలో చూపించుకోండి" అని సాగనంపేది.

చదువు పదో తరగతితో ఆగిపోయింది. చమురు కోసం నేల తొలిచే సంస్థలో, ల్యాబు గాజు సామాను కడగడానికి చేరింది. మైక్రోస్కోపు దగ్గర కూర్చునే ముసలాయనకు చూపు మందగించాక, సీసాలు కడిగే అమ్మాయి కళ్ళు బాగున్నాయని ఆయనే పట్టుబట్టి తన కుంచె ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళాడు. నాలుగు వెంట్రుకల కుంచె అది. పని చెప్పుకోవడానికి చాలా తేలిక. బావి లోతుల నుంచి వచ్చిన రాతి ముక్కల్ని పలచని ఆమ్లంలో నానబెడితే సున్నపురాయి కరిగిపోయి అడుగున పిసరంత గసి మిగులుతుంది. ఆ గసిని నల్లటి పళ్ళెంలో పరిచి, కుంచె కొసని నాలుకతో తడిపి, అందులో పళ్ళు ఏరాలి. చేపలా, పాములా ఈదే వేలెడంత జీవులు ఒకప్పుడు సముద్రాల నిండా ఉండేవి. వాటికి ఎముకల్లేవు, మిగిలినవి పళ్ళే. ఇసుక రేణువంత పళ్ళు.

ఆ పంటి ఆకారం చూస్తే రాయి ఏ కాలానిదో తెలుస్తుంది. రంగు చూస్తే ఆ రాయి ఎంత వేడి చవిచూసిందో తెలుస్తుంది. వేడి తగలని పన్ను లేత పసుపు. సరిపడా తగిలితే తేనె రంగు. ఇంకా తగిలితే గోధుమ రంగు, మితిమీరితే బొగ్గు నలుపు. నలుపైనది మళ్ళీ పసుపు కాదు. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ జియాలజిస్టులను పదిమందిని చూసింది. వాళ్ళు యంత్రాల్లో పెట్టి నాలుగు రోజులకు చెప్పే మాటని ఈవిడ పంటి రంగు చూసి మధ్యాహ్నం టీ వేళకు చెప్పేది. చెప్పాక ఎవరేమన్నా వెనక్కి తీసుకునేది కాదు. ఆ గుణం వల్ల ల్యాబులో ఆవిడకి గౌరవమూ ఉండేది, ఆవిడంటే గుర్రూ ఉండేది.

ఇక ఊరి సంగతి. ఊరికి పడమట కొండలున్నాయి. కొండల అవతలివాళ్ళకు నలభై ఏళ్ళుగా చమురు పడుతోంది. వాళ్ళ రోడ్లు వేరు, వాళ్ళ బడులు వేరు, వాళ్ళు నడిచే తీరే వేరు. ఇవతలివాళ్ళకు మిగిలింది ఏడుపు. టీకొట్టు బల్ల మీద కూర్చున్న ప్రతివాడూ ఏదో ఒక పూట ఆ కొండల వైపు చూసి నిట్టూర్చినవాడే. మన నుదుట రాసి లేదు అని ఒకడంటే, భూమికి కూడా మనమంటే చిన్నచూపే అని ఇంకొకడు. ఆ మాటలు వింటే ఆవిడకి ఒళ్ళు మండేది. పేదరికానికి కాదు, ఆ దేబిరింపుకి.

ఒకరోజు అలాగే వినీ వినీ, చేతిలో కూరల సంచీ బల్ల మీద పెట్టి, కొట్టులో ఉన్నవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. చమురు ఎవరికో దోసిట్లో పోసిన వరం కాదని మొదలుపెట్టింది. ముందు సముద్రం కావాలి. అందులో కంటికి ఆనని జీవాలు కోట్లకు కోట్లు పుట్టి చావాలి. చచ్చి అడుగుకి చేరినవి కుళ్ళిపోకూడదు, అంటే అడుగు నీళ్ళలో గాలి ఆడకూడదు. అలాంటి సముద్రాలు ఎప్పుడూ ఉండవు. భూమి బాగా వేడెక్కి, సముద్రం పొంగి నేల మీదికి ఎక్కిన కొన్ని కాలాల్లోనే ఎక్కువగా ఉండేవి. లోకంలో ఉన్న చమురులో చాలా మటుకు ఆ కొద్ది కాలాల బురదలో పుట్టిందే. మధ్యలో కోట్ల కోట్ల ఏళ్ళు దాదాపు వట్టిపోయినవి.

సరే, బురద పడింది. దాని మీద మట్టి పేరుకుని అది లోతుకి దిగాలి. దిగేకొద్దీ వేడి. వేడి చాలకపోతే చమురు పుట్టదు, ఎక్కువైతే పుట్టింది కాస్తా గ్యాసై, చివరికి మసి మిగులుతుంది. సరిగ్గా పుట్టినా అది నీళ్ళ కంటే తేలిక కనక ఒకచోట ఉండదు, పైకి పాకుతుంది. పట్టి ఉంచడానికి సన్నని చిల్లులున్న రాయి కావాలి. దాని మీద చుక్క దాటనివ్వని ఉప్పు పొరో బంకమట్టి పొరో మూతగా ఉండాలి. ఆ మూత బోర్లించిన గిన్నెలా వంగి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, చమురు కదలకముందే ఆ గిన్నె తయారై ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, వెనకా ముందూ అయినా, కింద ఏమీ మిగలదు. అన్నీ వరసగా కుదిరిన చోట్లు భూమ్మీద కొన్నే. అందుకే కొందరికి సముద్రమంత, కొందరికి సున్నా.

"కొండకి అటూ ఇటూ ఒకటే సముద్రం, ఒకటే బురద. మనది ఎంత లోతుకి దిగిందో తొలిచి చూస్తే గాని తెలీదు. అంతదాకా నుదురూ రాతా అని నా ముందు ఏడవకండి" అని సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. టీకొట్టువాడు ఆ రోజు ఎవరికి టీ పోశాడో మర్చిపోయాడట.

రెండేళ్ళకు నిజంగానే బావి తొలిచే రిగ్గు వచ్చింది. ఊరి చివర చవిటినేలలో ఇనప గోపురంలా నిలబడింది. ఊరు ఊరంతా పనికి ఎగబడింది. అప్పుడు ఆవిడ జన్మలో చెయ్యని పని ఒకటి చేసింది. తమ్ముడికి పని ఇప్పించమని ఆఫీసులో పెద్దసారుని అడిగింది.

తమ్ముడి ముద్దుపేరు అరపూట. ముద్దుగా పెట్టింది కాదు లెండి. మిల్లులో అరపూట, బస్సు డిపోలో అరపూట, ఎక్కడా నిలవలేదు కనక ఆ పేరు. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు, ఆవిడకి ఇరవై. అన్నం తినిపించింది, బడికి ఈడ్చుకెళ్ళింది, పెళ్ళి చేసింది. నలభై ఏళ్ళొచ్చినా వాడు వీధిలో వెళ్తుంటే జనం గడియారం చూసుకుని నవ్వేవారు. వాడికి దొరికింది సంచులు నింపే పని. బావిలోంచి బురదతో పాటు పైకొచ్చే రాతి ముక్కలు జల్లెడ మీద పడతాయి. ప్రతి పది మీటర్లకూ ఒక గుడ్డ సంచి నింపి, లోతు రాసి, మూతి కట్టి ల్యాబుకి పంపాలి. పగలు వాడి వంతు, రాత్రి ఇంకొకడి వంతు. అరపూట ఆ పనిలో పద్నాలుగు నెలలు నిలిచాడు. ఊళ్ళో నవ్వులు ఆగిపోయాయి.

సంచులు వస్తున్నాయి, ఆవిడ ఏరుతోంది. వెయ్యి మీటర్ల దగ్గర లేత పసుపు. పందొమ్మిది వందల దగ్గర చక్కటి తేనె రంగు, కానీ అక్కడ ఉన్నది వట్టి సున్నపురాయి, చమురుని కనే బురద లేదు. ఆ తర్వాత గోధుమ రంగు, ముదురు గోధుమ. అసలు బురద పొర తగిలింది రెండు వేల తొమ్మిది వందల దగ్గర, ఎదురుచూసినంత మందంగా. అందులో మొదటి పన్ను కుంచెకి ఎక్కింది. నల్లగా ఉంది. ఆ తర్వాతదీ నలుపే, పది సంచుల దాకా నలుపే. ఆ ఊరి ఆడపడుచే కదా, ఒక్క తేనె రంగు పన్నైనా దొరుకుతుందేమోనని పళ్ళేలన్నీ మళ్ళీ వెతికింది. అయినా కాగితం మీద నలుపనే రాసింది.

ఉన్నట్టుండి మూడువేల పది, ఇరవై, ముప్ఫై, ఈ మూడు సంచుల్లోనూ పళ్ళు తేనె రంగులో మెరిశాయి. మూడువేల నలభైలో మళ్ళీ బొగ్గు.

పెద్దసారు ఆ కాగితం చూసి కుర్చీలోంచి లేచాడట. ఆయన వాదన పిచ్చి వాదనేమీ కాదు. కొండలు లేచిన చోట కాలిన పొర జారి చల్లటి పొర మీదికి ఎక్కడం ఉన్నదే. కింద వేడి తగలని మంచి పొర దాక్కుని ఉందని, దాని అంచే ఈ మూడు సంచుల్లో తగిలిందని, ఇంకో ఎనిమిది వందల మీటర్లు దిగితే చమురేనని ఆయన పై ఆఫీసుకి రాశాడు. మాట ఊళ్ళోకి పాకింది. టీకొట్టులో మైకు పెట్టారు. అరపూటని భుజాల మీద ఎత్తుకున్నారు, ఆ సంచులు నింపింది వాడేనని.

ఆవిడ మాత్రం ఆ మూడు పళ్ళేల ముందు నుంచి లేవలేదు. రంగు సంగతి అలా ఉంచితే, ఆకారం తేడాగా ఉంది. బురద పొరలో ఉండేవి ఒంటి కొమ్ములా ఉండే పళ్ళు. ఈ మూడింటిలో ఉన్నవి రంపంలా ఉన్నాయి, అయిదు కోట్ల ఏళ్ళు చిన్నవి. అలాంటివి ఆవిడ ఈ బావిలోనే ఒకచోట చూసింది. పందొమ్మిది వందల మీటర్ల దగ్గర. పాత పళ్ళేలు తీసి పక్కన పెట్టి చూసింది. అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. సంచుల మీద అంకెలు చూసింది. మూడుకి తోక వంకరగా పెట్టే ఆ చేతికి పలక పట్టుకుని అక్షరాలు దిద్దించింది తనే.

సంచులు నింపేవాళ్ళకి ఒక అలవాటుంది, పైవాళ్ళెవరికీ తెలియదు. రాయి పుష్కలంగా వచ్చిన రోజు ఒక బకెట్టు నింపి షెడ్డు వెనక దాచుకుంటారు. జల్లెడ చిరిగి రాయి చేజారిన రోజు, ఖాళీ సంచి పంపి తిట్లు తినకుండా, అందులోంచి తీసి నింపేస్తారు. దాన్ని కష్టకాలం బకెట్టు అంటారు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడింటికి వెళ్ళింది. వాడు వరండాలో సైకిలు బోర్లించి చైను వేస్తున్నాడు. మరదలు మంచినీళ్ళిచ్చింది. ఆవిడ డొంకతిరుగుడు లేకుండా అడిగింది. వాడు మొదట కాదన్నాడు, తర్వాత గుర్తులేదన్నాడు, తర్వాత చైను కింద పెట్టేశాడు. ఆ రోజు కుండపోత వాన. జల్లెడ చిరిగి రాయంతా గుంటలోకి కొట్టుకుపోయింది. మూడు సంచులకు పిడికెడు కూడా మిగల్లేదు.

"పద్నాలుగు నెలలుగా ఈ ఊళ్ళో నన్ను చూసి ఎవరూ నవ్వట్లేదక్కా. అదొక్కటీ తీసెయ్యకు" అన్నాడు.

ఆ మాట ఆవిడకి గుండెలో గుచ్చుకుంది. వాడు తిండికి ఏడ్చి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. అయినా లేచి నిలబడే చెప్పింది. "నువ్వు చెప్తే తప్పు ఒప్పుకున్నట్టు. నేను చెప్తే పట్టుబడ్డట్టు. రేపు పదింటి దాకా చూస్తాను."

సోమవారం పదయింది. పదకొండయింది. వాడు రాలేదు. ఆవిడ చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆ మూడు పళ్ళేలూ పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

పెద్దసారు అంతా విన్నాడు. మంచి మాటలతోనే మొదలుపెట్టాడు. కనిపించింది రాయడం ఆవిడ పని, అర్థం చెప్పడం తన పని అన్నాడు. కనిపించిందే రాశానంది ఆవిడ, ఈ మూడు సంచుల్లో రాయి ఈ లోతుది కాదని. పోనీ సందేహం ఉందని రాయమన్నాడు. తనకు సందేహం లేదంది. పై ఆఫీసుకి ఇప్పటికే రాసేశానని, ఊరంతా ఎదురుచూస్తోందని ఆయన గొంతు పెంచాడు. చివరికి దెబ్బ తగిలే చోటే కొట్టాడు.

"ఇది మీ ఊరే కదమ్మా. మీ ఊరికి చమురు పడాలని మీకు లేదా?"

"నాకుంటే రాయికి రంగు మారదు సార్. నల్లగా మాడినదాన్ని బాగుందని రాయమంటే నా చెయ్యి రాయదు. మీ చేత్తో రాసుకోండి, కింద మీ సంతకమే పెట్టుకోండి."

ఆయన రాసుకోలేదు. సంతకం అనేసరికి ఎంతటివాడైనా కలం మూత పెడతాడు. పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి, పళ్ళేలు చూసి, షెడ్డు వెనక బకెట్టు కూడా చూసి వెళ్ళారు. వారం తిరిగేలోగా బావిలో సిమెంటు పోసి మూసేశారు. ఇనప గోపురం లారీలెక్కింది.

ఊరు ఆవిడ మీద విరుచుకుపడింది. నోటికాడ కూడు లాగేసిందన్నారు. కొండ అవతలివాళ్ళకి అమ్ముడుపోయిందన్నారు. టీకొట్టువాడు ఆవిడ దాటి వెళ్తుంటే మొహం తిప్పుకుని గ్లాసులు కడిగాడు. మరదలు అందరి ముందూ వీధిలోనే అడిగేసింది. "తోడబుట్టినవాడి కంటే నీకు రాళ్ళే ఎక్కువయ్యాయా వదినా?" ఆవిడ తలొంచుకుని మాత్రం నడవలేదు. రోజూ వెళ్ళే వీధిలోనే, రోజూ వెళ్ళే వేళకే, మధ్యలోంచే నడిచింది.

తర్వాతి వారం రిపోర్టు తయారైంది. దాని వెనక ఒక ఉత్తరం కూడా. శాంపిళ్ళలో మోసం చేసినందుకు సంచులు నింపే మనిషిని ఉద్యోగం నుంచి తొలగిస్తున్నామని. టైపు చేసిన గుమాస్తా చాటుగా ఆవిడకి చూపించాడు. ఆవిడ అది చదివి, గోడ పక్కన బీరువా తెరిచి, ఒక కట్ట కాగితాలు తీసుకుని, పిలవకుండానే పెద్దసారు గదిలోకి వెళ్ళింది. ఆ ఆఫీసులో పిలవకుండా ఆ తలుపు తోసినవాళ్ళు అంతకుముందు లేరు.

తమ్ముడి కోసం బతిమాలడానికి వచ్చిందనుకున్నాడు ఆయన. కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

"తీసెయ్యండి సార్. వాడితో పాటు ఈ రిపోర్టు కూడా తీసెయ్యండి."

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. ఈ బావిలో వాడు నింపిన సంచులు నూట అరవై నాలుగు. మూడు తప్పు. మిగతా నూట అరవై ఒకటీ వారం రోజులు కూర్చుని మళ్ళీ చూసింది. పగటి సంచి పక్కన రాత్రి సంచి పెట్టి, పసుపు నుంచి నలుపు దాకా, ఒక్కటంటే ఒక్కటి వరస తప్పలేదు. ఆ వరస ఉంది కనకే మధ్యలో ఆ మూడూ పరాయివని తేలింది. బురద పొర మాడిపోయిందని రిపోర్టులో గట్టిగా రాసింది దేని మీద ఆధారపడి? వాడి సంచుల మీద.

"వాడు మోసగాడైతే ఆ నూట అరవై ఒకటీ చెల్లవు. అవి చెల్లాలంటే వాడు మోసగాడు కాదు, ఒకరోజు తప్పు చేసిన పనివాడు. మీకేది కావాలో చెప్పండి, నేను అదే రాస్తాను."

పెద్దసారు పెదవి కొరుక్కున్నాడు. అయినా ఖాళీ సంచి పంపి ఉండొచ్చు కదా, రాయి దొరకలేదని రాస్తే పోయేది కదా అన్నాడు. ఆవిడ కట్ట అడుగు నుంచి ఒక కాగితం తీసి ఆయన ముందుకు జరిపింది. ఖాళీ సంచి వస్తే ఆ వంతు జీతం కోత అని రెండేళ్ళ కిందట వచ్చిన ఆర్డరు. కింద సంతకం ఆయనదే.

కిటికీ అవతల లారీ ఏదో వెనక్కి నడుస్తున్న చప్పుడు. ఆయన ఉత్తరం మడిచి సొరుగులో పడేసి, నెల రోజులు పని నుంచి పక్కన పెడతాను, ఆ తర్వాత చూద్దాం అన్నాడు. చూద్దాం అనే మాటకి ఆవిడ కదల్లేదు. కాగితం మీద రాయమంది. ఆ జీతం కోత ఆర్డరు కూడా తీసేస్తున్నట్టు రాయమంది. ఆయన రాసేదాకా నిలబడే ఉంది, రాసింది చదివి, అప్పుడు బయటికొచ్చింది.

అరపూట మూడు రోజుల తర్వాత ల్యాబుకి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. క్షమించమనీ అడగలేదు, కోపమూ చూపించలేదు. ఊళ్ళో ఏమంటున్నారో చెప్పాడు, మళ్ళీ నవ్వుతున్నారని. ఆవిడ స్టూలు లాగి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. పద్నాలుగు నెలలు సంచులు పంపాడే గాని వాటిలో ఏముందో వాడు ఒక్కసారీ చూడలేదు. మూడువేల నలభై సంచి తాలూకు పళ్ళెం పెట్టింది. నల్లటి కొమ్ము ఒకటి, నిగనిగలాడుతూ.

"అంటే మనకి ఏమీ లేదన్నమాట" అన్నాడు, కన్ను తియ్యకుండా.

"ఉండేది. కొండ అవతల వాళ్ళకున్నంతా మనకీ ఉండేది. వాళ్ళకి మూత ముందు పడింది, గిన్నె ముందు వంగింది. మనకి కొండ లేచి గిన్నె వంగేసరికే చమురు పుట్టడమూ అయింది, పోవడమూ అయింది. మిగిలింది మరీ లోతుకి దిగి మాడింది. మనుషులు పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందు సంగతి. ఇందులో నీ పాపం లేదు, నా పాపం లేదు, ఎవడి నుదురూ లేదు. నవ్వేవాళ్ళతో ఆ మాట చెప్పు."

వాడు మైక్రోస్కోపు నుంచి తలెత్తాడు. పక్కన బీరువాలో వరసగా పేర్చిన పళ్ళేల వైపు తిరిగి, అవన్నీ ఎవరివని అడిగాడు.

"నూట అరవై ఒకటి నీవి. తొంభై మూడు తీసి చూడు."

వాడు తీశాడు. చీటీ మీద మూడుకి తోక వంకరగా ఉంది. ఆ పళ్ళెం వాడే మైక్రోస్కోపు కింద పెట్టుకున్నాడు. ఆవిడ సాయం చెయ్యలేదు. చూడనిచ్చింది.

"ఇది సరిగ్గానే నింపానా అక్కా?"

"సరిగ్గానే నింపావు."